విదురాశ్వత్థానికి నేను వెళ్ళని రోజు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, చర్చిలో ఫాదర్‌కు చెప్పలేదు, ఏడో తరగతి నుంచి రోజూ రాసే డైరీలో కూడా రాయలేదు. ఫిబ్రవరిలో ఆ మంగళవారం పొద్దున నాకు జ్వరం లేదు.

పుక్కిలించమని అమ్మ ఇచ్చిన ఉప్పునీళ్ళ గ్లాసు ఇంకా వేడిగా ఉంది. థర్మామీటరు మొన అందులో ముంచాను. నూటఏడు చూపించింది. భయపడి, గ్లాసులో కాసిని చన్నీళ్ళు కలిపి, థర్మామీటరు విదిలించి మళ్ళీ ముంచాను. నూటరెండు దగ్గర ఆగింది. దాన్ని దుప్పటితో తుడిచి అమ్మ చేతికిచ్చాను. వాకిట్లో విదురాశ్వత్థానికి వెళ్ళాల్సిన వ్యాను వచ్చి నిలబడి ఉంది. పాల క్యాను, పసుపు, పూలు అన్నీ అందులో ఎక్కించేశారు. అవ్వ లోపలికి వచ్చి నా నుదుటి మీద అరచేయి పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

"మిషను చెప్తాండాదంటే ఉంటాదిలే. పండుకో పాపా," అంది.

ఇప్పుడు నా ఒళ్ళు బాగుంది. ఇక రానక్కర లేదని డాక్టరు చెప్పి నెలలు దాటాయి. ఈ జబ్బుతో ఆసుపత్రి బెంచీల మీద కూర్చున్నవాళ్ళకు పనికొస్తుందని కొంత, నా మనసు కుదుటపడుతుందని కొంత, ఇది రాస్తున్నాను.

జూన్, జూలై

నేను చిక్కబళ్ళాపురంలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. పుస్తకాలకు నంబర్లు రాయడం, చిరిగినవాటికి అట్టలు అంటించడం నా పని. మనుషులతో ఎక్కువ మాట్లాడే అవసరం లేని ఉద్యోగమని సంతోషంగా చేరాను. దగ్గు మొదలయ్యాక ఆ నిశ్శబ్దమే నాకు శత్రువైంది. దగ్గు వచ్చినప్పుడల్లా వెనక కన్నడ నవలల బీరువాల సందులోకి వెళ్ళి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఒకసారి బీకాం పిల్ల ఒకతి, "మేడం, మీరు దగ్గితే ఫ్యాను ఊగుతాండాది," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంకాలం కాగానే ఒళ్ళు వేడెక్కేది. ఊపిరి పీలిస్తే కుడి పక్కన కత్తితో గీసినట్టుండేది. గదిలో నాతో ఉండే అమ్మాయికి కూడా చెప్పకుండా ఆరు వారాలు గడిపాను. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా అలా ఉంటే, ఆరు రోజులు కూడా ఆగకండి.

ఆసుపత్రిలో చీటీ తీసుకుని కూర్చుంటే మధ్యాహ్నానికి పేరు పిలిచారు. అంతమంది తిరిగి చూస్తారని లేవలేదు. రెండోసారి పిలిచినా లేవలేదు. నా పేరు పక్కన పెట్టేశారు. పక్కన కూర్చున్న ఒక ముసలామె నా చేతిలోని చీటీ చూసి, తలుపు దగ్గర నిలబడి, "ఏమప్పా, ఈ పాప పొద్దన్నించి కూచోనుండాది. నోరు లేకుంటే వైద్యం లేదా మీ తావ?" అని గట్టిగా అడిగింది. లోపలికి పిలిచారు. ఆమె పేరు నాకు తెలియదు. ఆ రోజు డైరీలో "ఆకుపచ్చ చీర" అని మాత్రం రాసుకున్నాను.

ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. క్షయ అన్నారు. ఆరు నెలలు మాత్రలు మింగితే పూర్తిగా పోతుందన్నారు. బాగేపల్లి దగ్గర మా ఊరి నుంచి అమ్మా నాన్నా వచ్చారు. అమ్మ ఏడవలేదు. బస్సులో పక్క సీట్లవాళ్ళకు వినపడకుండా నా చెవి దగ్గర, "ఊర్లో టైఫాయిడ్ అని చెప్దాము. పెండ్లి కావాల్సిన పిల్లవి," అంది. ఆ జబ్బు విషయంలో మా ఇంట్లో మొదటి అబద్ధం నాది కాదు. కానీ అబద్ధం ఎంత సులభంగా ఇల్లంతా సర్దుకుంటుందో నేను అప్పుడే నేర్చుకున్నాను.

ఆగస్టు

చింతామణి అవతల సిస్టర్లు నడిపే చిన్న ఆసుపత్రిలో చేర్చారు. నీరు తీశాక కూడా మూడు వారాలు ఉండమన్నారు. అది టమాటా కోతల కాలం. అమ్మ నాలుగు రోజులుండి వెళ్ళిపోయింది. నాకు తోడుగా మా నాన్న తల్లి, మా అవ్వ వచ్చింది.

అవ్వకు డెబ్బై దాటాయి. నడుముకు ఆకువక్కల సంచి కట్టుకోకుండా ఆమెను నేను ఎన్నడూ చూడలేదు. వార్డులో నమలకూడదని సిస్టరు చెబితే, కొళాయి దగ్గరకు వెళ్ళి నమిలి, నోరు పుక్కిలించి వచ్చేది. రెండు రోజుల్లో వార్డులో ఎవరికి ఎంతమంది పిల్లలో, ఎవరి కోడలు మంచిదో ఆమెకు తెలిసిపోయింది. నాకు అవతలి మంచం ఆవిడ పేరు మూడు వారాలకూ తెలియలేదు.

ఆసుపత్రి వెనక చిన్న గుడి ఉంది. దాన్ని చాపెల్ అంటారు. నన్ను అక్కడికి మొదట తీసుకెళ్ళింది అవ్వే. "ఆడ ఫ్యాను బాగా తిరుగుతాది, జనం లేరు, రా," అని చేయి పట్టుకుని నడిపించింది. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక మేమిద్దరం అక్కడే కూర్చునేవాళ్ళం. ఒక మూల నీలం ముసుగు వేసుకున్న మరియమాత బొమ్మ. ఆమె పాదం కింద ఒక పాము. అవ్వ మూడు రోజులు ఆ పామునే చూసింది. నాలుగో రోజు, నేల తుడుస్తున్న ఫిలోమినమ్మను పిలిచింది. ఫిలోమినమ్మ ఆ ఆసుపత్రిలో ఆయా, చింతామణి మనిషే.

"ఏమ్మా, ఈయమ్మ పామును తొక్కుతాండాదే, అది కరవదా?"

"అది పాము కాదవ్వా, దయ్యం."

"దయ్యమైతే దయ్యం మాదిరి చెయ్యాల గదా. పాము మాదిరి చేసి దయ్యమంటే ఎట్ల?"

ఫిలోమినమ్మ చీపురు పక్కన పెట్టి నవ్వింది. అవ్వ నవ్వలేదు. ఆ వారం నాకు జ్వరం మళ్ళీ తిరగబెట్టింది. దానికి డాక్టరు చెప్పిన కారణం వేరు, అవ్వ లెక్క వేరు. నా జాతకంలో నాగదోషం ఉందని చిన్నప్పుడెవరో చెప్పారట. అలాంటి పిల్లను పామును తొక్కే అమ్మ ఎదురుగా రోజూ కూర్చోబెట్టింది తానే కాబట్టి, తప్పు తనదే అనుకుంది. మంచం పక్కన నిలబడి మొక్కుకుంది. నాకు నయమైతే, దోషం పోవడానికి రావిచెట్టు కింద నాగరాళ్ళు నిలబెట్టే విదురాశ్వత్థంలో నా పేరిట నాగప్రతిమ నిలబెట్టిస్తుంది. అది అయ్యేదాకా ఆకువక్క నోట్లో పెట్టదు. నడుముకున్న సంచి విప్పి ఫిలోమినమ్మకు ఇచ్చేసింది.

అవ్వ చాపెల్‌కు రావడం మానేసింది. నేను మానలేదు. సాయంకాలం సిస్టర్ల ప్రార్థనకు వెనక బెంచీలో కూర్చునేదాన్ని. నన్ను ఎవరూ రమ్మనలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. ఆదివారం పూజలో, సత్ప్రసాదమనే చిన్న అప్పం తీసుకోవడానికి ముందు, ప్రభువా, మా ఇంటికి నువ్వు వచ్చేంత అర్హత మాకు లేదని అందరూ కలిసి చెప్పే ఒక చిన్న మాట ఉంది. డాక్టరమ్మ కూడా చెప్పింది, నేల తుడిచే ఫిలోమినమ్మ కూడా చెప్పింది. చిన్నప్పటి నుంచి ఎవరింటి గడప దగ్గర నిలబడినా నా లోపల నేను ఒక్కదాన్నే అనుకునే మాట అది. దాన్ని ఇంతమంది గొంతెత్తి చెప్పి, చెప్పిన తర్వాత కూడా లోపలికి పిలుపు అందుకోవడం నేను అక్కడే చూశాను. నాకు అద్భుతాలేమీ జరగలేదు. నన్ను బాగు చేసింది మాత్రలే. ఇది మాత్రం జరిగింది.

సెప్టెంబరు నుంచి జనవరి

ఊర్లో రెండు నెలలున్నాను. పరగడుపున మాత్రలు, ఆ తర్వాత ఓకరింపు, ఎరుపెక్కిన మూత్రం. మాత్రలు మింగానో లేదో చూడటానికి వచ్చే ఆశా కార్యకర్తను అమ్మ పెరటి వైపు నుంచి రమ్మనేది. "టైఫాయిడ్‌కు ఇన్నాళ్ళు మందులా?" అని పక్కింటామె అడిగితే, "పెద్ద టైఫాయిడ్ అమ్మా," అని అవ్వ జవాబు చెప్పింది. ఆ రాత్రి దాన్ని తలచుకుని ఇంటిల్లిపాదీ నవ్వాము. ఆకువక్క లేక అవ్వ పుల్లలు నమిలేది. దవడలు ఊరికే ఆడించేది. చూడలేక, మానెయ్యమని నాన్న చెప్పినా వినలేదు.

నవంబరులో తిరిగి ఉద్యోగానికి వెళ్ళాను. ఆదివారాలు చిక్కబళ్ళాపురంలో చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాను. నాలుగు వారాలు గేటు దాకా వెళ్ళి వచ్చేశాను. అయిదో వారం ఫిలోమినమ్మ చింతామణి నుంచి బస్సెక్కి వచ్చి, నన్ను లోపలికి తీసుకెళ్ళి ఫాదర్‌కు చూపించింది. ఆయన కన్నడంలో మొదట అడిగింది నా జబ్బు గురించి. రెండోది, ఇంట్లో చెప్పావా అని.

"ఇంకా లేదు ఫాదర్."

"మాత్రలు పూర్తి కానివ్వు. జబ్బులో ఉన్న మనిషి నిర్ణయాన్ని నేను ఒప్పుకోను. జ్ఞానస్నానానికి ముందు చెప్పే తరగతులకు రా. ఇంట్లో చెప్పి, అప్పుడు కూడా నీకు కావాలనిపిస్తే చూద్దాం."

తరగతిలో మేం నలుగురం. అందరూ సత్ప్రసాదానికి వరుసలో వెళ్తుంటే, ఇంకా జ్ఞానస్నానం కాని మేం బెంచీ మీదే ఉండేవాళ్ళం. అలా కూర్చోవడం నాకు కష్టం కాలేదు. ఇంట్లో చెప్పడమే కష్టమైంది. ప్రతి ఆదివారం రాత్రి డైరీలో, "ఈసారి వెళ్ళినప్పుడు చెప్తాను," అని రాశాను. అలా పదకొండుసార్లు రాసి ఉంది.

జనవరిలో మాత్రలు పూర్తయ్యాయి. ఎక్స్‌రే చూసి డాక్టరు బాగుందన్నారు. ఆ సాయంకాలమే అవ్వ ఫోను: "రాయి చెక్కమని చెప్పి వచ్చినాము. ఇంక నిలబెట్టేదాకా నీళ్ళల్లో పెడతారు. నువ్వు లీవు పెట్టు. నీ పేరుతో గదా, నువ్వే కూచోవాల."

ఫిబ్రవరి

విదురాశ్వత్థానికి వెళ్ళొచ్చా అని ఫిలోమినమ్మను అడిగాను. ఆమె చాలా మంచిది, భక్తిపరురాలు. "మనోళ్ళు అట్లాటి తావుకు పోకూడదు పాపా. నువ్విప్పుడు ఈ దోవలో ఉండావు. రెండు పడవల్లో కాళ్ళు పెట్టొద్దు," అంది. ఫాదర్‌ను అడగాలని తోచింది. తరగతి అయ్యాక ఆయన గది దాకా వెళ్ళాను. లోపల ఎవరో ఉన్నారు. తలుపు దగ్గర రెండు నిమిషాలు నిలబడి వచ్చేశాను.

జరిగిందంతా ఆ రెండు నిమిషాల్లోనే జరిగింది.

చెప్పే ధైర్యం లేదు, వెళ్ళే ధైర్యం లేదు. మంగళవారం పొద్దున జబ్బునే అడ్డం పెట్టుకున్నాను. ఏడు నెలలు నన్ను పట్టుకున్న జబ్బు, వదిలేసి వెళ్ళాక ఒక్కపూట నాకు పనికొచ్చింది.

నన్ను చూసుకోవడానికి అమ్మ ఇంట్లో ఉండిపోయింది. రోజంతా నా నుదుటికి తడిగుడ్డ వేసింది. నాన్నా అవ్వా వెళ్ళారు. సాయంకాలం తిరిగి వచ్చాక నాన్న చెప్పాడు.

"గుడిలో అయ్యవారు పాప యాడ అని అడిగినాడు. ఇంకో దినం పెట్టుకోండి అన్నాడు. రాయిని నీళ్ళలోనించి తీసినాక అట్ల పెట్టేది ఎట్ల అని అవ్వ వినలా. పాప బదులు నేను కూచుంటా అనింది. నీళ్ళు పోసుకుని, తడి కోకతో గంటపొద్దు కూచునింది. నీ చున్నీ ఒకటి ఒళ్ళో పెట్టుకునింది."

చున్నీ ఎప్పుడు తీసుకెళ్ళిందో నాకు తెలియదు. అవ్వ మంచం మీద కూర్చుని వేడి కాఫీ ఊదుకుంటూ ఉంది. మధ్యమధ్య దగ్గుతోంది. నాన్న ఆకువక్క తెచ్చి ముందు పెడితే తోసేసింది.

"యాడప్పా అయింది? పాప వచ్చి ఆ రాయి ముందర ఒకతూరి నిలబడల్ల. నేను ఊరికే తావు పట్టుకునింటి. అంతే."

అవ్వ దగ్గు వారంలో తగ్గింది. తర్వాత కాళ్ళకు నీరు వచ్చింది. తడి బట్టల వల్లేనని ఎవరూ అనలేదు. గుండె బలహీనంగా ఉందని, వయసు కదా అని డాక్టరు అన్నాడు. నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు పట్టుకుంటాను.

మార్చి నుంచి జూలై

మార్చిలో ఒక ఆదివారం ఫాదర్ చర్చి మెట్ల మీద ఒంటరిగా కనిపించారు. ఇంట్లో పెద్దవాళ్ళు మొక్కు తీర్చడానికి గుడికి రమ్మంటే మాలాంటివాళ్ళు వెళ్ళకూడదా అని అడిగాను.

"వాళ్ళు చేసే పూజ నువ్వు చేయనక్కర లేదు. పక్కన నిలబడటానికి ఏం? వయసైన మనిషికి మెట్లు దిగేటప్పుడు చేయి ఇవ్వడానికైనా ఎవరో ఒకరు ఉండాలి కదా. ఎప్పుడు వెళ్ళాలి?"

"అయిపోయింది ఫాదర్."

"నన్ను అడిగి ఉండాల్సింది కదమ్మా," అన్నారు. థర్మామీటరు సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. గాయకబృందం పిల్లలు వచ్చారు. నోరు మూసుకున్నాను.

ఆ శనివారం ఊరికి వెళ్ళి అవ్వతో మాట్లాడాను. ఆ సంగతి చివర రాస్తాను. నేను తిరిగి వచ్చిన నాలుగో రోజు పొద్దున, కాఫీ కోసం లేచి కూర్చుని అవ్వ పోయింది.

ఈస్టరుకు అనుకున్న నా జ్ఞానస్నానం ఫాదరే వెనక్కి జరిపారు. "ముందు మీ అమ్మ దగ్గర ఉండు," అన్నారు. కర్మలు అయ్యాక అమ్మకూ నాన్నకూ చెప్పాను. అమ్మ గిన్నెలు కడుగుతూనే ఉంది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. "ఒక పిల్లకు ఆరు నెలలు మాత్రలు మింగించినా. ఇది కూడా నీకు టైఫాయిడ్ అని చెప్పి దాచల్లనా నేను?" అంది. నాన్న, "ఉండనీలే. ప్రాణంతో ఉండాది," అన్నాడు. అది అంగీకారమో కాదో నేను అడగలేదు.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున నా తల మీద నీళ్ళు పోశారు. మిగతా ముగ్గురి వెనక వాళ్ళ భర్తో, అత్తో, పిల్లలో ఉన్నారు. నా భుజం మీద, ఆ స్నానానికి తల్లి స్థానంలో నిలిచే జ్ఞానతల్లిగా, ఫిలోమినమ్మ చేయి ఉంది. సంతోషంగా లేనని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. వరుసలో నిలబడి మొదటిసారి సత్ప్రసాదం తీసుకున్నాక, నా బెంచీ ఏదో మరిచిపోయి ఇంకో బెంచీలో కూర్చున్నాను. కానీ ఒకటుంది. పెద్దయ్యాక జ్ఞానస్నానం పొందేవాళ్ళు అంతకుముందు ఫాదర్ చెవిన పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం చేయనక్కర లేదని, పాతవన్నీ ఆ నీళ్ళతోనే పోతాయని తరగతిలో చెప్పారు. మిగతా ముగ్గురూ అమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం ఎవరో తలుపు మూసేసినట్టు అనిపించింది. ఒక చిన్న గదిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆ రోజు నాకు జ్వరం లేదు అని ఒక మనిషి చెవిన వేసి ఉంటే బాగుండేది. క్షమించారు సరే. నాతో చెప్పించలేదు.

జూలైలో ఒక్కదాన్నే బస్సెక్కి గౌరిబిదనూరులో దిగి విదురాశ్వత్థానికి వెళ్ళాను. వందల రాళ్ళు, వరుసల మీద వరుసలు, అన్నిటికీ పసుపు, అన్నిటికీ పడగలు. నాది ఏదో నాకు తెలియలేదు. నాన్నకు ఫోన్ చేస్తే, "గోడ పక్కనమ్మా... కాదు, ఇవతల వరుసనేమో. అవ్వకే తెలుసు," అన్నాడు. ఒక కొత్త రాయి ముందు కాసేపు నిలబడ్డాను. పక్కన ఎవరో పాలు పోసి, ఇది మాది, కొంచెం జరగమన్నారు. జరిగాను.

ఇక ఆ శనివారం. అవ్వ నడవలో మంచం మీద పడుకుని ఉంది. అమ్మ పొలం నుంచి ఇంకా రాలేదు. నేను వాచిన కాళ్ళు ఒత్తుతూ చెప్పాను.

"అవ్వా, నేను చర్చికి పోతాండా. ఆ మతంలోనే చేరల్లనుకున్నా."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"ఆదివారం పొద్దున ఫోన్ చేస్తే ఎత్తవు. ఆదివారం యాడన్నా లైబ్రరీ ఉంటాదా?"

నేను తల దించుకున్నాను.

"ఆ పామును తొక్కేయమ్మ దగ్గరికేనా?"

"ఆయమ్మ కొడుకు దగ్గరికి."

"చూడు మల్ల. నేను ఫ్యానుకోసరం పిలుచుకోని పోతే నువ్వు ఆడనే నిలిచిపోతివి." నవ్వబోయి ఆయాసపడింది. వీపు నిమిరాను. కోపం వచ్చిందా అని అడిగాను. వచ్చినా ఏం చేస్తానని అంది. ఈస్టరు కాగానే సెలవు పెట్టి తీసుకెళ్తాను, ఇద్దరం కలిసి ఆ రాయి ముందు నిలబడదాం అన్నాను. సరేనంది. బస్సు వేళైంది. సంచి తగిలించుకుని గడప దాటాక అవ్వ పిలిచింది. వెనక్కి తిరిగాను. ఆమె మోచేతి మీద లేచి నా వైపే చూస్తోంది. ఆమె అడిగినదానికి నేను నవ్వి, తల ఊపి, బస్సు కోసం పరుగెత్తాను. జవాబు చెప్పలేదు.

"పాపా, ఆడ నీ పక్కన కూచునేదానికి ఎవురన్నా ఉండారా?"